పాత వ్యాన్‌లో వెనక సీటుకు చల్లగాలి ఎందుకు చేరదు?

మే నెలలో నెల్లూరు నుంచి పెంచలకోనకు బయల్దేరాం. తొమ్మిది మందిమి, ఒక పాత వ్యాన్. పొదలకూరు దాటేసరికే లోపల రెండు వాతావరణాలు తయారయ్యాయి. ముందు సీట్లో పెదనాన్న చలికి కండువా మెడ చుట్టూ చుట్టుకున్నాడు. చివరి సీట్లో పిన్ని పెళ్ళిపత్రికతో విసురుకుంటోంది. "ఆయనకేమో చలంట, మాకేమో ఈ ఉడకంట. ఒకే బండే గదరా ఇది?" అంది.

డ్రైవర్ అద్దంలోంచి వెనక్కి చూసి, "వెనకది గ్యాస్ అయిపోయుంటాదన్నా, రేపు కొట్టిస్తా" అన్నాడు.

రాపూరులో టీకి ఆగి ఇంజన్ ఆపేశాం. ఇరవై నిమిషాలకు మళ్ళీ ఎక్కితే, వెనక వెంట్లలోంచి జోరుగా చల్లగాలి! వ్యాన్ ఆగిన చోట నేల మీద చెంబెడు నీళ్ళు కారి ఉన్నాయి. పావుగంట సేపు అందరం మెచ్చుకున్నాం. ఆ తర్వాత గాలి మెల్లగా సన్నగిల్లి, కోన చేరేలోపు మళ్ళీ మొదటికే వచ్చింది.

అయిపోయిన గ్యాస్ టీ తాగి తిరిగి రాదు కదా. మరి ఏం జరిగినట్టు? రోహిణి కార్తె దగ్గర పడేసరికి మన ఊళ్ళలో ఏసీ షాపుల ముందు పాత వ్యాన్లు వరస కడతాయి. వాటిలో సగానికి పైగా "గ్యాస్" అనే ఒకే మాటతో లోపలికి వెళ్తుంటాయని నా అనుమానం. ఆ మాట కింద దాక్కున్న వేరువేరు జబ్బులను విడదీసి చూడటానికే ఈ వ్యాసం.

ఒక వెంటు వెనక మూడు పనులు

వెంటులోంచి చల్లగాలి రావాలంటే మూడు పనులు జరగాలి. గాలిని తోయాలి. దాన్ని చల్లబరచాలి. చల్లబడ్డ గాలిని సరైన చోటికి చేర్చాలి.

తోసేది బ్లోయర్. డాష్‌బోర్డ్ కింద, ఎక్కువగా ఎడమ వైపు కూర్చున్నవాళ్ళ కాళ్ళ దగ్గర ఉండే ఫ్యాను. చల్లబరిచేది కూలింగ్ కాయిల్. కారు రేడియేటర్‌లా సన్నని రేకులు పేర్చిన పెట్టె, దాని లోపల గ్యాస్ తిరుగుతుంటుంది. గాలిని చేర్చేవి ప్లాస్టిక్ డక్టులు, వాటి మధ్యలో తెరుచుకుని మూసుకునే తలుపులు. వీటిని మెకానిక్కులు ఫ్లాపులంటారు.

ఈ మూడింటిలో గ్యాస్‌కు సంబంధం ఉన్నది రెండో పనికి మాత్రమే. వెంటు దగ్గర చెయ్యి పెడితే గాలి జోరుగా వస్తూ చల్లగా లేకపోతే అనుమానం చల్లబరిచే భాగం మీదికి వెళ్ళాలి, లేదా ఎక్కడో వేడి కలుస్తోందేమో చూడాలి. గాలి చల్లగా ఉండి సన్నగా వస్తుంటే బ్లోయరో, దుమ్ము పట్టిన కాయిలో, ఊడిన డక్టో కారణం కావచ్చు. అద్దం మీదికి జోరుగా కొడుతూ ముఖానికి రాకపోతే ఫ్లాపు. చెయ్యి పెట్టి చూసిన ఈ ఒక్క ముక్క సరిగ్గా చెప్పగలిగితే షాపులో సగం పని అయిపోయినట్టే. కానీ మనం "ఏసీ పనిచేయట్లేదు" అంటాం, వాళ్ళు "గ్యాస్" అంటారు.

గ్యాస్ ఖర్చవుతుందా?

పెట్రోల్‌లా ఏసీ గ్యాస్ మండిపోదు. అది మూసి ఉన్న పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది, ముందున్న కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నటి రంధ్రం దాటగానే ఒత్తిడి పడిపోయి కూలింగ్ కాయిల్‌లో మరుగుతుంది. మరగడానికి కావలసిన వేడిని గాలిలోంచి లాక్కుంటుంది. ఎక్కువ పాత వ్యాన్లలో ఉండే ఆర్-134ఏ అనే గ్యాస్ మామూలు వాతావరణ ఒత్తిడి దగ్గర మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. ఏసీ అంటే ఇంతే, మరగబెట్టడం, మళ్ళీ ద్రవంగా మార్చడం.

కాబట్టి గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పాత వ్యాన్లలో రబ్బరు పైపుల్లోంచి, కంప్రెసర్ ముందు సీలు దగ్గర, ఏళ్ళ తరబడి కాస్త కాస్త పోవడం మామూలే. ఏడెనిమిదేళ్ళకోసారి నింపించాల్సి వస్తే వింత లేదు. ప్రతి ఏప్రిల్‌లో నింపించాల్సి వస్తే మాత్రం అది లీకు.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటుంది. ఇంజన్ ఆపి ఉండగా మీటర్ తగిలించి, ముల్లు చూపించి, "గ్యాస్ ఫుల్లుగానే ఉంది" అంటారు. ఇంట్లో వంట సిలిండర్ గుర్తు తెచ్చుకోండి. అందులో 14.2 కేజీలున్నా, రెండు కేజీలున్నా స్టవ్ మంట ఒకేలా వస్తుంది. లోపల ద్రవం కాస్తయినా మిగిలి ఉన్నంతసేపు ఒత్తిడిని నిర్ణయించేది అక్కడి వేడి, మిగిలిన పరిమాణం దాని మీద ప్రభావం చూపదు. సిలిండర్‌లో ఎంతుందో తెలియాలంటే తూకం వేయాలి, లేదంటే ఎత్తి చూడాలి. వ్యాన్ ఏసీ కూడా అంతే. 40 డిగ్రీల ఎండలో ఆగి ఉన్న బండిలో ఆర్-134ఏ ఒత్తిడి సుమారు 130 పీఎస్ఐ చూపిస్తుంది. గ్యాస్ నిండా ఉన్నా అంతే, సగమున్నా దాదాపు అంతే. ఏసీ నడుస్తుండగా రెండు వైపుల ఒత్తిళ్ళూ చూస్తే కొంత తెలుస్తుంది. ఖాయంగా తెలియాలంటే ఉన్నది మొత్తం బయటికి తీసి, వాక్యూమ్ పెట్టి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు తూచి నింపాలి.

ఎక్కువ నింపితే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం కూడా పొరపాటే. కండెన్సర్‌లో ద్రవం పేరుకుపోతే వేడి వదిలే చోటు తగ్గిపోతుంది, ఒత్తిడి పెరిగిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు చల్లదనం మాయమవుతుంది. నిన్న గ్యాస్ కొట్టించి ఈరోజు ముందుకన్నా దారుణంగా ఉందని వాపోయేవాళ్ళలో కొందరి కథ ఇదే.

నాలుగో నంబర్‌లోనే తిరిగే బ్లోయర్

ఇది పాత బండ్లకు పేరుపడ్డ జబ్బు. నాబ్ ఒకటి, రెండు, మూడు మీద పెడితే చప్పుడుండదు. నాలుగు మీద పెడితే మాత్రం హోరుమంటుంది.

కారణం తెలిస్తే తేలికే. ఒకటో స్పీడులో కరెంటు, దాన్ని అడ్డుకుని తగ్గించే రెసిస్టర్ తీగలన్నింటినీ దాటి మోటర్‌కు వెళ్తుంది, అందుకే నెమ్మదిగా తిరుగుతుంది. స్పీడు పెంచే కొద్దీ దారిలో తీగలు తగ్గుతాయి. నాలుగో స్పీడులో రెసిస్టర్‌తో పనే లేదు, కరెంటు నేరుగా మోటర్‌కు వెళ్తుంది. అంటే నాలుగులో తిరుగుతోందంటే మోటర్ బతికే ఉంది, పోయింది రెసిస్టర్. ఇది చిన్న ముక్క, డక్టు లోపలే బిగించి ఉంటుంది, ఎందుకంటే బ్లోయర్ గాలే దాన్ని చల్లబరచాలి.

అయితే కొత్త రెసిస్టర్ వేసిన రెండు నెలలకే మళ్ళీ కాలిపోతే? అప్పుడు మోటర్‌ను అనుమానించాలి. బుష్‌లు ఎండిపోయో, ఫ్యాన్ గూట్లో చెత్త పేరుకునో మోటర్ బరువుగా తిరుగుతుంటే ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వేడికి రెసిస్టర్ కాలుతుంది. ఒకసారి నెల్లూరు ఆటోనగర్‌లో ఒక వ్యాన్ బ్లోయర్ విప్పుతుంటే పక్కనే నిలబడి చూశాను. మొదట వేపాకులు రాలాయి. తర్వాత సీటు స్పాంజి పీలికలు. చివర్లో ఫ్యాన్ రెక్కల మధ్యలోంచి, శనగపొట్టుతో పరుపేసుకున్న ఎలుక గూడు చెక్కుచెదరకుండా ఊడి వచ్చింది. బండి ఓనర్ మొహం చూడాలి! వేపచెట్టు కింద నీడ బాగుంటుందని బండి పెడతాం. ముందు అద్దం కింద జాలీలో పడిన ఆకులు తిన్నగా బ్లోయర్ మీదికే వెళ్తాయి. కొత్త కార్లలో మధ్యలో క్యాబిన్ ఫిల్టర్ ఉండి ఆపుతుంది. పాత వ్యాన్లలో చాలావాటికి అది లేనే లేదు.

డాష్‌బోర్డ్ లోపలి తలుపులు

డాష్‌బోర్డ్ వెనక ప్రధానంగా మూడు ఫ్లాపులుంటాయి. ఒకటి బయటి గాలా, లోపలి గాలా అని తేలుస్తుంది. ఒకటి గాలి ముఖానికా, కాళ్ళకా, అద్దానికా అని తేలుస్తుంది. మూడోది చల్లగాలిలో హీటర్ గాలి ఎంత కలవాలో తేలుస్తుంది. వీటిని కదిపే పద్ధతి బండి వయసును బట్టి మారుతుంది.

మన దగ్గర తిరిగే పాత వ్యాన్లలో ఎక్కువగా తీగ ఉంటుంది. నాబ్ తిప్పితే సైకిల్ బ్రేకు తీగలాంటిది ఫ్లాపును లాగుతుంది. క్లిప్పు ఊడితే నాబ్ లూజుగా తిరుగుతూనే ఉంటుంది, లోపల ఏమీ కదలదు. తీగ తుప్పు పట్టి బిగుసుకుంటే నాబ్ సగంలో ఆగిపోతుంది. ఇలాంటప్పుడు బలం చూపించి తిప్పితే విరిగేది నాబే.

అమెరికాలో తయారైన పాత పెద్ద వ్యాన్లలో చాలావాటికి ఈ పని ఇంజన్ పీల్చుడుతో, అంటే వాక్యూమ్‌తో జరుగుతుంది. సన్నని రబ్బరు గొట్టం ఎక్కడైనా పగిలితే ఫ్లాపు స్ప్రింగ్ లాగిన వైపు వెళ్ళిపోతుంది, గాలంతా ముందు అద్దం మీదికే కొడుతుంది. అలా పెట్టడం కావాలనే. ఏది చెడిపోయినా డ్రైవర్‌కు దారి కనబడాలి. వాటిలో ఇంకో చిత్రం, ఎక్కుడు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వాక్యూమ్ తగ్గుతుంది, ముఖానికి వచ్చే గాలి అద్దానికి మళ్ళుతుంది, ఎత్తు దిగగానే తిరిగొస్తుంది.

తర్వాత కాలం బండ్లలో ప్రతి ఫ్లాపుకూ ఓ చిన్న కరెంటు మోటర్ వచ్చింది. డాలస్‌లో ఉండే మా బావమరిది ఓ రాత్రి ఫోన్ చేసి, "బావా, బండి స్టార్ట్ చెయ్యగానే డాష్‌బోర్డ్‌లో ఎవరో తలుపు కొడుతున్నట్టు టక్ టక్ మంటోంది" అన్నాడు. ఆ మోటర్ లోపలి ప్లాస్టిక్ పళ్ళచక్రానికి ఒకటి రెండు పళ్ళు ఊడితే వచ్చే చప్పుడది. మోటర్ తిప్పుతుంది, చక్రం జారుతుంది, బండి కంప్యూటర్ మళ్ళీ ప్రయత్నిస్తుంది. గ్యాస్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు. అక్కడి షాపులో కూడా మొదట గ్యాసే చూస్తామన్నారట!

హీటర్ తెచ్చే తంటా

నెల్లూరు, ఒంగోలు ఎండల్లో హీటర్ ఎవరు వాడతారు? వాడకపోయినా అది ఉంటుంది. ఇంజన్‌ను చల్లబరిచే 80, 90 డిగ్రీల వేడినీళ్ళు డాష్‌బోర్డ్ వెనక చిన్న రేడియేటర్‌లోకి వచ్చిపోతుంటాయి. కలిపే ఫ్లాపు అంచున ఉండే స్పాంజి పట్టీ ఏళ్ళకు పొడిపొడి అయిపోతుంది. (వెంట్లలోంచి నల్లటి నలుసులు ఎగిరి ఒళ్ళో పడుతుంటే అది ఆ స్పాంజే.) ఫ్లాపు పూర్తిగా మూసుకోక సందులోంచి కాస్త గాలి హీటర్ దాటి వస్తుంది.

ఆ కాస్త ఎంత నష్టం చేస్తుందో లెక్క వేద్దాం. కాయిల్ దాటిన గాలి 10 డిగ్రీలుందనుకోండి. అందులో పదో వంతు హీటర్ మీదుగా 70 డిగ్రీలై వచ్చింది. మిగతా తొమ్మిది వంతులతో కలిస్తే సగటు 16 డిగ్రీలు. ఐదో వంతు దారి తప్పితే 22. కంప్రెసర్, గ్యాస్, కండెన్సర్ అన్నీ కొత్తవే అయినా ఈ 22 తగ్గదు.

పట్టుకునే ఉపాయం సులభమే. ఇంజన్ బాగా వేడెక్కాక ఏసీ బటన్ ఆపి, నాబ్ పూర్తి చల్లదనం వైపు పెట్టి, బయటి గాలితో బ్లోయర్ వేస్తే వెంటులోంచి దాదాపు బయటి వేడే రావాలి. బయటికన్నా పది పదిహేను డిగ్రీలు ఎక్కువ వస్తుంటే దొంగ హీటరే.

దీనికి మన మెకానిక్కులు చేసే చికిత్స, హీటర్‌కు వెళ్ళే పైపును ఇంజన్ దగ్గరే తప్పించడం. దీని మీద రెండు వాదనలున్నాయి. డాష్‌బోర్డ్ మొత్తం విప్పి స్పాంజి మార్చడం రెండు రోజుల పని, విప్పితే పాత ప్లాస్టిక్ క్లిప్పులు విరగకుండా తిరిగి బిగియవు, మన వాతావరణానికి హీటరే అక్కర్లేదు కాబట్టి తప్పించడమే తెలివి అని ఒక వైపు. నవంబరు వానల్లో అద్దాలకు ఆవిరి పడితే ఏసీతో పాటు కాస్త వేడి కూడా కావాలని, కొన్ని ఇంజన్లలో హీటర్ పైపు నీళ్ళ తిరుగుడులో భాగమని ఇంకో వైపు. రెండింటిలోనూ నిజముంది. వానాకాలం రాత్రి ప్రయాణాలు పెద్దగా లేని బండికి మొదటిదే నయమనిపిస్తుంది. అయితే పైపును బిరడా పెట్టి మూసేయడం వేరు, రెండు కొసలూ కలిపి నీళ్ళు తిరిగేలా ఉంచడం వేరు. రెండోది ఇంజన్‌కు క్షేమం.

మైపాడు గాలి, గిద్దలూరు గాలి

ఇది ఎక్కువమంది లెక్కలోకి తీసుకోని విషయం. ఒంగోలు డ్రైవర్లు కొందరు అంటుంటారు, "మార్కాపురం, గిద్దలూరు వైపు ఎండ మండిపోయినా ఏసీ బాగుంటుంది, కొత్తపట్నం వైపు వస్తే పనిచేయదు" అని. వినడానికి తలకిందులుగా ఉంది. కానీ అది నిజం. సముద్రం పక్క గాలిలో ఉండే తేమ దాని కారణం.

సముద్రం ఒడ్డున మైపాడు దగ్గర 36 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకుందాం. ఘనపు మీటరు గాలిలో సుమారు 25 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. గిద్దలూరులో 42 డిగ్రీలు, తేమ 20 శాతం అయితే ఆవిరి దాదాపు 11 గ్రాములే. వ్యాన్ బయటి గాలిని గంటకు 300 ఘనపు మీటర్ల చొప్పున లోపలికి తీసుకుని 12 డిగ్రీలకు చల్లబరుస్తోందనుకోండి. గిద్దలూరు గాలిని చల్లబరచడానికి సుమారు 3.1 కిలోవాట్ల శక్తి లాగాలి. మైపాడు గాలిని చల్లబరచడానికి 2.2 కిలోవాట్లు చాలు, ఎందుకంటే వేడి తక్కువ. కానీ దానిలోంచి గంటకు నాలుగున్నర లీటర్ల నీటిని పిండాలి. ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలే వేడి ఇంకో 3.1 కిలోవాట్లు. మొత్తం 5.3. ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ చేసే పనంత. గిద్దలూరు లెక్క ఒక టన్ను లోపే.

కాబట్టి సముద్రం పక్క తిరిగే బండిలో బయటి గాలి ఫ్లాపు తెరుచుకుని ఇరుక్కుంటే ఏ గ్యాసూ కాపాడలేదు. లోపలి గాలినే తిప్పే మీట పెట్టుకుంటే ఒకసారి పిండిన గాలే మళ్ళీ వస్తుంది, కాయిల్ మీద భారం సగానికి పడుతుంది. మీట ఉన్న చోట ఉంటుంది, లోపల తీగ మాత్రం ఊడి ఉంటుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు. ముందు వెళ్ళే లారీ పొగ వాసన, మీట మూసినా సరే, వెంట్లలోంచి వస్తుంటే ఫ్లాపు మూసుకోలేదని అర్థం.

రోజంతా లోపలి గాలే తిప్పొచ్చా అంటే, తొమ్మిది మంది ఊపిరి వదులుతున్న మూసిన డబ్బాలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పెరిగి మగత కమ్ముతుంది. నిద్రమత్తు వచ్చేది డ్రైవర్‌కు కూడా. మధ్యమధ్యలో రెండు నిమిషాలు అద్దాలు దించితే సరిపోతుంది.

వెనక ఏసీ వేరే ఇల్లు

డ్యూయల్ ఏసీ వ్యాన్లలో కంప్రెసర్ ఒకటే. దాని నుంచి గ్యాస్ పైపు రెండుగా చీలి, ఒకటి డాష్‌బోర్డ్‌కు, ఇంకోటి బండి కింద నుంచి వెనక్కి వెళ్తుంది. వెనక కాయిల్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, బ్లోయర్ అన్నీ వేరే. అందుకే ముందు, వెనక రెండూ వెచ్చగా ఉంటే తప్పు ఉమ్మడి భాగంలో ఉంది. ముందు చల్లగా ఉండి వెనక వెచ్చగా ఉంటే వెనక ఇంట్లోనే వెతకాలి. మా డ్రైవర్ మాటను ఇక్కడే అనుమానించాలి. గ్యాస్ ఇద్దరిదీ ఒకటే, వెనకవాళ్ళకు మాత్రమే అయిపోవడం కుదరదు. గ్యాస్ తగ్గినప్పుడు ఒక వైపు ముందు దెబ్బతినడం ఉంది, కానీ అప్పుడు రెండో వైపు చల్లదనం కూడా పడిపోతుంటుంది. ముందు సీట్లో పెదనాన్న కండువా చుట్టుకోడు.

బండి కింద నుంచి వెళ్ళే అల్యూమినియం పైపులకు మన తీరంలో ఉప్పుగాలి శత్రువు. రొయ్యల లోడు వేసి, కారిన ఉప్పునీళ్ళు కడక్కుండా వదిలేసిన బండ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. క్లాంపుల దగ్గర తెల్లటి పొక్కులు లేచి, సూది బెజ్జాలు పడతాయి. గ్యాస్‌తో పాటు నూనె కూడా కొంచెం బయటికొస్తుంది కాబట్టి, అక్కడ దుమ్ము జిడ్డుగా అంటుకుని నల్లమచ్చ కనిపిస్తుంది. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లకు బాధ వేరు. రాతిపొడి తడి కాయిల్ మీద పడి సిమెంటులా పేరుకుంటుంది. బ్లోయర్ హోరుమంటుంది, వెంటు దగ్గర మాత్రం ఊదినట్టు కూడా ఉండదు.

ఎంత గాలి వస్తోందో తేల్చడానికి మీటర్ అక్కర్లేదు. 50 లీటర్ల చెత్త సంచీ చాలు. సంచీ నలిపి గాలి తీసేసి, మూతి వెంటు చుట్టూ పట్టుకుని, ఎన్ని సెకన్లలో ఉబ్బిందో లెక్కపెట్టాలి. ముందు వెంటు 4 సెకన్లలో నింపిందంటే గంటకు 45 ఘనపు మీటర్లు. చివరి సీటు వెంటు 20 సెకన్లు తీసుకుంటే 9 మాత్రమే. మధ్య సీటువాళ్ళ వెంట్లు అరచేత్తో మూసినా చివరిది పుంజుకోకపోతే, మధ్యలో ఎక్కడో పైకప్పు లోపల డక్టు అతుకు ఊడి గాలి వృథాగా పోతోందని అనుకోవచ్చు.

ఏటా నింపించడమా, లీకు వెతకడమా?

పాత బండి ఓనర్లు చెప్పే మాటలో అన్యాయం లేదు. బండికి ఇంకో రెండేళ్ళ ఆయువుంది, లీకు వెతికి కాయిల్ మార్చే ఖర్చుతో నాలుగు వేసవులు గ్యాస్ కొట్టించుకోవచ్చు, ఎందుకు మార్చాలి? లెక్క ప్రకారం కొన్నిసార్లు వాళ్ళదే సరైనది. దానికి ఎదురు చెప్పేవాళ్ళ వాదన కంప్రెసర్ గురించి. గ్యాస్‌తో తిరిగే నూనే దానికి ప్రాణం. లీకుతో నూనె పోతుంది, గ్యాస్ నింపేటప్పుడు నూనె ఎవరూ చూడరు, మూడో వేసవికి కంప్రెసర్ పట్టేస్తుంది. అప్పుడు ఇనుపపొడి పైపులన్నింటిలోకి పోయి, బిల్లు కాయిల్ ఖర్చును దాటిపోతుంది. మధ్యేమార్గంగా చాలా షాపులు చేసే పని, నైట్రోజన్ ఒత్తిడి పెట్టి అతుకులకు సబ్బునురగ రాసి చూడటం. పోయింది అతుకుల్లోని రెండు రబ్బరు ఓరింగులే అయితే వాదనే అక్కర్లేదు.

ఏ గ్యాస్ అనేది ఇంకో చిక్కు. 1990ల ముందటి బండ్లలో ఆర్-12 ఉండేది. ఓజోన్ పొరను తినేస్తోందని 1987 మాంట్రియల్ ఒప్పందంతో అది తప్పుకుంది, ఆర్-134ఏ వచ్చింది. ఇది ఓజోన్‌ను ఏమీ చేయదు గానీ, భూమిని వేడెక్కించడంలో ఒక కేజీ 1,430 కేజీల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అందుకే ఆ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలి సవరణ దీన్ని కూడా తగ్గించమంది. మన దేశం 2021లో దాన్ని ఆమోదించింది, ఇక్కడ కోత 2032లో మొదలవుతుంది. ఈలోగా చవకగా వంటగ్యాస్ జాతి వాయువులు కొట్టే అలవాటు కొన్నిచోట్ల పుట్టింది. చల్లదనం బాగానే వస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంట్లో ఫ్రిజ్‌లలో కూడా ఐసోబ్యూటేన్ వాడుతున్నారు కదా అంటారు. ఫ్రిజ్‌లో అది కొన్ని పదుల గ్రాములు, కదలని చోట, వెల్డింగు చేసి మూసిన పైపుల్లో. వ్యాన్‌లో రబ్బరు పైపులు, గుంతల కుదుపులు, మనం కూర్చున్న చోటే కూలింగ్ కాయిల్. పిల్లలెక్కే బండిలో నేనైతే ఒప్పుకోను.

పెంచలకోన వ్యాన్‌కు ఏమైంది?

గుర్తులు ఒక వరసలో పెడదాం. ముందు చల్లగా ఉంది. వెనక మొదట గాలి బాగా వచ్చి, అరగంటలో సన్నగిల్లింది. ఇంజన్ ఆపి ఇరవై నిమిషాలాగితే తిరిగొచ్చింది. ఆగినచోట మామూలుకన్నా ఎక్కువ నీళ్ళు కారాయి.

కాయిల్ మంచు కట్టింది, ఇంకేమీ కాదు. కాయిల్ మీద చాలినంత గాలి పారకపోతే, దాని మీది తేమ నీరై కారకుండా అక్కడే గడ్డకడుతుంది. రేకుల సందులు మూసుకుపోతాయి, గాలి ఇంకా తగ్గుతుంది, మంచు ఇంకా పెరుగుతుంది. ముందు కాయిల్‌కు సెన్సర్ ఉంటుంది, గడ్డకట్టబోతుంటే కంప్రెసర్‌ను ఆపుతుంది. చాలా పాత డ్యూయల్ ఏసీ వ్యాన్లలో వెనక కాయిల్ గోడు వినే సెన్సర్ లేదు. టీ తాగే ఇరవై నిమిషాల్లో మంచు కరిగి చెంబెడు నీళ్ళయింది.

ఇక గాలి ఎందుకు తగ్గిందనే ప్రశ్న మిగిలింది. వెనక ఏసీ బయటి గాలి తీసుకోదు, చివరి సీటు పక్కన ప్యానెల్ కింది భాగంలో ఉన్న జాలీలోంచి లోపలి గాలినే లాక్కుంటుంది. కోనలో సామాను దించుతుంటే చూశాను. ఆ జాలీకి సరిగ్గా ఆనించి పిన్ని తెచ్చిన పులిహోర డేగిసా, దాని మీద రెండు దుప్పట్లు, ఆ పైన చెప్పుల సంచీ. డేగిసా మూత తడిమితే చల్లగా ఉంది.

తిరుగు ప్రయాణంలో డేగిసా ఖాళీ అయింది కాబట్టి డిక్కీలోకి వెళ్ళింది. వెనక గాలి నెల్లూరు దాకా ఆగలేదు, అయితే పూర్తి జోరూ లేదు. తర్వాతి వారం డ్రైవర్ ఆ జాలీ విప్పించి కాయిల్ కడిగించాడు. బురద రెండు బకెట్లు వచ్చిందని ఫోన్ చేసి చెప్పాడు. "గ్యాస్ మాత్రం కరెక్టుగానే ఉందంటన్నా" అని కూడా అన్నాడు, కాస్త ఆగి.